ఎవరికీ తెలియని తిట్టు

అనపకాయల కాలం వస్తే మా ఇంట్లో ఒక పని ఎప్పుడూ మిగిలే ఉంటుంది. మొన్న ఒక మధ్యాహ్నం వర్తూరు ఇంటి వరండాలో కూర్చుని, నానిన గింజల్ని వేళ్ళ మధ్య నొక్కి పప్పు పితుకుతున్నాను. నా మనవరాలు స్నేహ పక్కన కుర్చీలో కాళ్ళు మడుచుకుని ఒక లావు పుస్తకం చదువుకుంటోంది. ఆ అమ్మాయికి ఈ మధ్యనే ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం దొరికింది. మర్నాడు మొదటిసారి వాళ్ళ పెద్ద మేడమ్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటుందట. అందుకని పొద్దుటినుంచీ అన్నం కూడా సరిగా తినలేదు. పితికిన తొక్కు ఎగిరి పుస్తకం మీద పడితే తుడుద్దామని వంగి చూశాను. పేజీలో పైన నాలుగు వరసలు పెద్ద అక్షరాలు. కింద ఒక గీత. గీత కిందినుంచి పేజీ అడుగుదాకా చీమల బారుల్లాంటి సన్నటి అక్షరాలు. పేజీ తిప్పితే అక్కడా అంతే. నేను బడిలో చదివింది తక్కువ, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను, అంతకుమించి రాదు. కాని కాగితం ఖరీదు నాకు తెలుసు.

"ఏమే, పాఠం నాలుగు వరసలే ఉండాది. కింద ఇదంతా ఏంది?"

"ఫుట్‌నోట్స్ అవ్వా. కష్టమైన మాటలకి అర్థాలు. పెద్ద పెద్ద పండితులు రాసినారు."

"రాసింది ఇంగ్లీషోడు, చదివేది ఇంగ్లీషోళ్ళు. మళ్ళీ అర్థాలేంటికి?"

"ఇది వందల ఏండ్ల నాటి నాటకం అవ్వా. అప్పటి మాటలు ఇప్పుడు వాళ్ళకే అర్థం కావు."

గింజ నా చేతిలోనే ఉండిపోయింది. దొరల భాష దొరలకే అర్థం కాదన్న సంగతి నాకు ఈ వయసు దాకా ఎవరూ చెప్పలేదు. నా మొహం చూసి స్నేహకి సరదా పుట్టి, ఒక్కొక్కటే వివరించడం మొదలుపెట్టింది. ఒక మాట వేటకు పోయేవాళ్ళదట. డేగ చేతి మీదికి వచ్చి వాలకపోతే అనేదాన్ని, నాటకంలో మొగుడు పెళ్ళాన్ని అంటాడట. ఇంకొక మాట కోసం ఒక పండితుడు పాత కాలపు బట్టలు కుట్టేవాళ్ళ లెక్కలన్నీ వెదికాడట. మరొకాయన పల్లెలు తిరిగి, గొడ్లు కాసే ముసలివాళ్ళ పక్కన కూర్చుని, ఈ మాట మీరిప్పటికీ అంటారా అని అడిగాడట. ఇంకొక చోట ఆ మాటే తప్పు, అచ్చు వేసేవాడు అక్షరం తారుమారు చేశాడు అని ఒకాయన, కాదు, వాడు సరిగానే వేశాడు, మీకే తెలియలేదు అని ఇంకొకాయన. ఇద్దరూ పోయాక కూడా వాళ్ళ శిష్యులు అదే తగువు పట్టుకున్నారట. ఒక్క మాట కోసం బతుకులు బతుకులు గడిపేశారు. వింటూ వింటూ నేను గిన్నెలో పప్పు పడేస్తున్నానో తొక్కు పడేస్తున్నానో చూసుకోలేదు.

అప్పుడు స్నేహ నవ్వింది. "ఇది చూడవ్వా, భలే ఉండాది. ఇక్కడ రాజు చచ్చే ముందర నౌకరుని ఒక తిట్టు తిడతాడు. ఈ మాట ఈ ఒక్క చోటే ఉండాది, ఇంకెక్కడా ఎవరూ వాడలేదు. కింద ఐదారుగురి పేర్లు వేసి, ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం ఊహించినారని రాసి, లాస్ట్‌లో ఏం రాసినారో తెలుసా? అర్థం తెలియదు. ఎవరికీ తెలియదు."

నా చేతిలో గిన్నె జారి పప్పంతా వరండాలో చెల్లాచెదురైంది. ఒక్క గింజ పోయినా ఏరుకునేదాన్ని, ఆ రోజు లేవలేదు. "మళ్ళీ చదువు" అన్నాను. చదివింది. "రాజు నౌకరుని తిట్టేదే కదా?" అన్నాను. "అవునవ్వా, ఈ తిట్టు నీకు ముందే తెల్సా?" అంది. నాకెట్లా తెలుసో చెప్పాలంటే బళేపేట వెనక సందులో మేమున్న వఠారం దాకా పోవాలి.

ఆ వఠారం మిషను వాళ్ళది. మా తాత చర్చిలో ఉపదేశి. ఆంధ్ర వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఆయన ఉద్యోగంతోబాటు ఇచ్చిన రెండు గదుల ఇంట్లో తాత, జేజి అని మేం పిలిచే నాయనమ్మ, మా అమ్మ, నా ఇద్దరు తమ్ముళ్ళు, నేను, మా దేవసహాయం చిన్నాయన ఉండేవాళ్ళం. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఆసుపత్రిలో ఆయా పని చేసేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి చీరంతా ఫినాయిల్ వాసన కొట్టేది, జేజి ఆమెను గుమ్మంలోనే ఆపి కాళ్ళ మీద నీళ్ళు పోసేది. ఇంటి లోపల మాత్రం తాత కోటులోంచి వచ్చే నాఫ్తలీను ఉండల వాసన, సంగటి కెలికేటప్పుడు వచ్చే రాగిపిండి ఆవిరి, వానాకాలంలో గోడ చెమ్మ. జేజికి ఒక కోడి ఉండేది. దాన్ని గంప కిందికి తోలేటప్పుడు ఏదో ఒక మాట అనేది, అది తెలుగూ కాదు, కన్నడమూ కాదు. దానికి అర్థమేంటి జేజీ అని అడిగితే, "కోడికి తెల్సు, నీకేంటికి" అనేది.

అర్థాలు అడిగే రోగం నాకు చిన్నాయన వల్ల వచ్చింది. ఆయన బి.ఏ., ఎం.ఏ. చదివి, మిషను వాళ్ళ కాలేజీలోనే ఇంగ్లీషు లెక్చరరయ్యాడు. పాఠానికి పోయే ముందు ఆ నాటకాన్ని గట్టిగా చదువుతూ వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు నీళ్ళు పొర్లిపోతున్నా చూస్తూ నిలబడేవాళ్ళు. "యారిగె బైతాయిదారె?" అని పక్కింటి కన్నడామె అడిగితే, ఎవర్నీ తిట్టడంలేదు, పాఠం అని జేజి సంజాయిషీ చెప్పుకొనేది. నేను బడినుంచి రాగానే నా పుస్తకంలో రాని మాటలు వేలు పెట్టి చూపించేదాన్ని. ఆయన ఒక్కదానికీ విసుక్కోలేదు. మాట ఎక్కడ పుట్టింది, ఎవరింటినుంచి ఎవరింటికి పోయింది, మనిషికి చెప్పినట్టు ఊరూ పేరూ చెప్పేవాడు. బల్ల మీద పెట్టే మెత్త అట్ట పుస్తకం తీసి, కింద సన్నక్షరాలు చూపించి, "ఇవి రాసినోళ్ళు కూడా నీ మాదిరే పాపా, అర్థం కాకుండా నిద్రపోరు" అనేవాడు. ప్రతి మాటకీ ఒక అర్థం ఉంటుందని, అది మా చిన్నాయనకి తెలిసి ఉంటుందని నా నమ్మకం. నా బడి ఫీజు ఆయనే కట్టేవాడు. నన్ను కూడా లెక్చరరు చేస్తానని వఠారమంతా వినేట్టు చెప్పేవాడు.

దీపాలు పెట్టే వేళకి తాత బైబిలు తీసి వాక్యం చదివేవాడు. అందరం చాప మీద కూర్చునేవాళ్ళం, సంగటి ముద్దలు గిన్నెల్లో మూతల కింద ఎదురుచూసేవి. కీర్తనల్లో అక్కడక్కడ ఒక చిన్న మాట వస్తుంది. దాన్ని తెలుగు చేసిన పండితులకీ దాని అర్థం తెలియక మూలంలో ఎట్లా ఉందో అట్లాగే ఉంచేశారు. మామూలుగా దాన్ని ఎవరూ పట్టించుకోరు, దాటుకుని పోతారు. మా తాత మాత్రం ఆ మాట దగ్గరికి రాగానే చదవడం ఆపి, కళ్ళద్దాలు తీసి, తల వంచేవాడు. మేమంతా వంచేవాళ్ళం. ఒక గుక్క ఊపిరి తీసి వదిలేంతసేపు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకు పోయేవాడు. దాని అర్థమేంటి తాతా అని అడిగాను ఒకసారి. "నాకు తెల్దు పాపా. రాయించినాయనకి తెల్సు. అందుకే ఆడ ఆగుతా" అన్నాడు. ఉపదేశి నోట తెలియదన్న మాట వినడం వింతగా అనిపించలేదు. ఆ మాటకు ఆయన తల వంచుతాడు కాబట్టి అది గొప్ప విషయమేమో అనుకున్నాను.

అట్లాంటి ఇంట్లోకి ఒక సాయంత్రం తాత చెప్పులు కూడా విడవకుండా వచ్చి, గోడకానుకుని కూర్చుని, "వాణ్ణి తీసేసినారు" అన్నాడు. వెనకనే చిన్నాయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. జేజి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏంటికి తీసేసినారు?"

"క్లాసులో పిల్లోడు ఒక మాటకి అర్థం అడిగినాడంట. వీడు తెలియదన్నాడంట. కాలేజీ పెద్దాయన వెనకాల కూర్చోనుండాడంట."

"ఏం మాట?"

"రాజు నౌకరుని తిట్టే తిట్టంట."

జేజి చిన్నాయన వైపు తిరిగింది. "ఏమప్పా, తిట్టుకి అర్థం తెలియకపోవడమేంది? మన వఠారంలో చంటిపిల్లోళ్ళకి కూడా తెల్సు. ఏదో ఒకటి చెప్పేసింటే పోయేది కదా. ఆ రాసినోడు సమాధిలోంచి లేచొచ్చి కాదంటాడా?"

తాత తల వంచుకుని, "వానికి తెలియదంట, అంతే. ఇంక ఆ మాట ఎత్తొద్దు" అన్నాడు. నేను చిన్నాయన మొహంలోకి చూశాను, ఇప్పుడు అర్థం చెప్తాడేమో అని. ఆయన నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం నాకు చెంపదెబ్బలాగా తగిలింది. నాకు ఇన్నాళ్ళూ చెప్పిన అర్థాలన్నీ కూడా ఊరికే చెప్పినవేమో అనిపించింది.

ఆ సంవత్సరంతో నా బడి అయిపోయింది. ఆరో తరగతి పుస్తకాలు జేజి గోనె సంచీలో కట్టి అటకెక్కించింది. అమ్మకి ఎవరో చెప్తే ఇంట్లో ఊదుబత్తీలు చుట్టే పని తెచ్చుకున్నాం. ఉపదేశి ఇంట్లో అన్యుల పూజకి బత్తీలా అని తాత వెనకాడితే, "పొగ ఏ దేవుడికి పోతే మనకేమి, చేసినందుకు కూడు వస్తాది" అని జేజి పీట వేసింది. బొగ్గుపొడి, జిగురుపొడి నీళ్ళతో ముద్ద చేసి, పీట మీద పుల్లకి పట్టించి అరచేత్తో దొర్లించాలి. వాక్యం చదివే చాప మీదే ఆరబోసేవాళ్ళం. ఇల్లంతా నల్లటి వాసన. చిన్నాయన కూడా మా వరసలో కూర్చుని చుట్టేవాడు. ఆయన బత్తీ ఒక చోట లావు, ఒక చోట సన్నం వచ్చేది. "ఇంగ్లీషు చెప్పే చేతులు కదా, దేనికీ కుదరవు" అని జేజి వాటిని ఏరి మళ్ళీ ముద్దలో కలిపేది. వఠారం పిల్లలు నేను కుళాయికి పోతే చాలు, "మేయ్ రూతూ, మీ చిన్నాయన్ని ఏమని తిట్టినారు? తెలియదా?" అని వెంటబడేవాళ్ళు.

తర్వాత దొడ్డబళ్ళాపురంలో ఒక మగ్గాల షావుకారు తన పిల్లలకి పాఠాలు చెప్పడానికి పిలిస్తే చిన్నాయన అక్కడికి పోయాడు, అక్కడే పెళ్ళి, అక్కడే సంసారం. పెళ్ళిళ్ళకీ చావులకీ వచ్చేవాడు. ఒకసారి, "ఏం చదువుతాండావు పాపా" అని అడిగాడు, మరిచిపోయి. "ఊదుబత్తీలు చేస్తాండా" అన్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేను పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నాక మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను. తెలియదు అన్న మాట గడప లోపల వినబడకూడదు. తెలియకపోతే పోయి కనుక్కుని రావాలి, వచ్చేదాకా కంచం ముందు కూర్చోకూడదు. నా పిల్లలు అట్లాగే పెరిగారు, స్నేహ కూడా అట్లాగే పెరిగింది. ఒక మనిషి తెలియదన్నందుకు ఒక ఇల్లు ఏమైపోయిందో చూసినదాన్ని, ఇంకోలా ఎట్లా పెంచుతాను.

ఇదంతా చెప్పి ముగించేటప్పటికి స్నేహ కింద కూర్చుని పప్పు ఏరుతోంది. "అవ్వా, అంటే ఆయన కరెక్టే చెప్పినాడు కదా" అంది మెల్లగా. నేను ఆ మాట లోపల ఇంకా అనుకోలేదు. ఆ అమ్మాయి పైకి అనేసింది. ఫోన్ తీసి చూడమన్నాను, ఇందులో అన్నీ ఉంటాయి కదా అని. ఆ మాట కొట్టింది. క్షణంలో అర్థం వచ్చేసింది. ఇదిగో ఇదీ దీని అర్థం అని, ఎక్కడా తడబాటు లేకుండా. పుస్తకంలో ఐదారుగురు పండితులు జీవితాలు పెట్టినా చెప్పలేనిది ఫోను ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "ఇది తప్పవ్వా. దీనికి తెలియదనడం రాదు" అంది స్నేహ. నా ఇల్లు నేను ఈ ఫోనులాగే నడిపాను.

అప్పటికప్పుడు దొడ్డబళ్ళాపురం పోదామన్నాను. క్యాబ్ పిలుస్తానంది. ఆడవాళ్ళకి టికెట్ లేని బస్సు ఉండగా క్యాబేంటికని మెజెస్టిక్‌లో మారి పోయాం. దారిపొడుగునా స్నేహ పుస్తకం చదువుకుంది. నేను బయటికి చూస్తూ ఒకటే అనుకున్నాను. పాపం, ఈ సంగతి ఆయనకి తెలియకనే ఇన్నేండ్లు తలవంచుకుని బతికాడు, పోయేలోపల చెప్పాలి అని.

చిన్నాయనకి ఇప్పుడు చూపు దాదాపు లేదు. మగ్గాల సందులో కూతురింట్లో కిటికీ పక్కన మంచం. నాలుగు వైపులా మరమగ్గాల చప్పుడు, మాట్లాడాలంటే దగ్గరగా వంగాలి. నా గొంతు విని, "రూతమ్మా, నువ్వేనా" అని చెయ్యి చాపాడు. ఆయన కూతురు కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. నేను మర్యాదలు తర్వాత చూసుకుందామని, "చిన్నాయనా, ఆ తిట్టుకి అర్థం ఎవరికీ తెలియదంట. పండితులే పుస్తకంలో వేసినారు. ఇదిగో" అన్నాను.

ఆయన పళ్ళు లేని నోటితో నవ్వాడు. "నా పుస్తకంలోనూ వేసింటారు కదా పాపా. మెత్త అట్టది. నువ్వు చూసినావు దాన్ని."

నేను చూశాను. ఎన్నిసార్లో చేత్తో పట్టుకున్నాను. ఆ సన్నక్షరాల్లోనే అది ఉందట.

"మరి ఆ పెద్దాయనకి చూపించలేదా?"

"ఆ పుస్తకం ఆయన చదివి నాకిచ్చిందే."

స్నేహ వంగి, "తెలిసి ఎట్లా తీసేస్తారు తాతా?" అంది.

"ఆయన పిల్లోళ్ళకి గైడు రాసినాడమ్మా. అందులో ఆ తిట్టుకి ఒక అర్థం వేసేసినాడు, ఇదే అని. ఆ పొద్దు ఒక పిల్లోడు లేచి, గైడులో ఇట్లా ఉండాది, సరేనా సార్ అని అడిగినాడు. నేను కాదనలేదు. తెలియదన్నాను. ఎవరికీ తెలియదన్నాను. ఎవరికీ అన్నాను చూడు, దాంట్లో ఆయన కూడా వచ్చేసినాడు."

స్నేహ నవ్వింది. ఆయనా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "ఇంట్లో ఎందుకు చెప్పలేదు? తాతకన్నా చూపించిండచ్చు కదా ఆ పుస్తకం" అన్నాను.

పక్కింటి మగ్గం ఆగి మళ్ళీ మొదలైంది.

"చూపించినా" అన్నాడు. "ఇంటికి రాకముందే, చర్చి వెనకాల. మీ తాతకి ఇంగ్లీషు కొంచెం వచ్చు. కళ్ళద్దాలు పెట్టుకొని, వేలు పెట్టి, కూడబలుక్కొని చదివినాడు. రెండుసార్లు చదివినాడు."

"చదివి?"

"ఇది ఇంట్లో చూపించొద్దు దేవసహాయం అన్నాడు. నీ తప్పు లేదని నిన్ను కన్న అమ్మకి తెలిస్తే ఊరుకోదు, పోయి ఆయన వాకిట్లో కూర్చుంటాది. కాలేజీ వాళ్ళదే, చర్చి వాళ్ళదే, మనముండే ఇల్లూ వాళ్ళదే. ఇంతమందిని ఏసుకొని యాడికి పోదాం అన్నాడు. అని ఏడ్చినాడు. మీ తాత ఏడ్చేది నేను ఆ పొద్దే చూసినా."

నా చేతిలో కాఫీ లోటా కాలుతున్నా కింద పెట్టాలని తోచలేదు. గోడకానుకుని, చెప్పులు విడవకుండా, వానికి తెలియదంట అన్న మనిషికి అంతా తెలుసు. అచ్చులో చూసి వచ్చి చెప్పాడు ఆ మాట. వాక్యం పట్టుకునే చేతులతో ఆ పుస్తకం పట్టుకుని, వేలు పెట్టి చదివి, వచ్చి చెప్పాడు.

"నువ్వొప్పుకున్నావా దానికి?"

"ఒప్పుకోకుండా ఏం చేయాల. తెలియదంటే తెలియదని చెప్పు నాయనా అన్నాను. అబద్ధమేముండాది దాంట్లో, నాకు నిజంగానే తెలియదు కదా."

స్నేహ ఉండబట్టలేక, "తాతా, మొదట్లోనే ఏదో ఒక అర్థం చెప్పేసింటే ఉద్యోగం ఉండేది కదా. అవ్వ చదువుకునేది కదా" అంది. అది నేను అడగాల్సింది. ఇన్నేండ్లూ నా నాలుక మీద ఉన్నది.

"చెప్పేవాణ్ణేనమ్మా. గైడులో ఉండేదే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది" అని, చూపు లేని కళ్ళు నేనున్న వైపు తిప్పాడు. "ఆ అడిగిన పిల్లోడు వేలు పెట్టి మాట చూపించి, నా మొహంలోకి చూసినాడు. మీ అవ్వ అట్లనే చూస్తా ఉండేది, సాయంత్రం పూట. ఏం చెప్తే అది నమ్మేసే చూపు. ఆ చూపు ముందర పెట్టుకొని ఎట్ల చెప్పేది."

నేను తిన్న మొదటి దెబ్బ ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నా చదువు పోయింది ఆయన అజ్ఞానం వల్ల కాదు, ఆ పెద్దాయన వల్ల కూడా పూర్తిగా కాదు. నేను నమ్మినందువల్ల. దీన్ని ఏ మూల పెట్టుకోవాలో ఈ రోజుకీ నాకు తోచడంలేదు. కోపం చూపించడానికి ఎదురుగా ఒక గుడ్డి ముసలాయన, గోడ మీద తాత ఫొటో. ఆ ఫొటోలో కూడా తాత కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"రేపు నా క్లాసులో ఇదే పేజీ తాతా" అంది స్నేహ. "మా మేడమ్ వెనకాల కూర్చుంటాది." అని, ఆయన్ని కాదు, నన్ను చూసింది. తెలియదన్న మాట గడప లోపల పనికిరాదని చెప్పి పెంచిన మనిషిని నేనే కదా.

"ఆ ఐదారుగురు ఏమన్నారో అంతా చెప్పు" అన్నాను. "ఒక్కరినీ వదలొద్దు. గొడ్లు కాసేవాళ్ళ దగ్గరికి పోయి అడిగిన కథ కూడా చెప్పు. తర్వాత తెలియదని చెప్పు. గొంతు తగ్గించి చెప్పొద్దు."

చిన్నాయన తల ఊపాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఇంకొక సంగతి పైకి వస్తోంది. ఆ రోజుల్లో గమనించి కూడా అర్థం చేసుకోలేనిది. చిన్నాయన ఉద్యోగం పోయిన తర్వాత, సాయంత్రం వాక్యంలో ఆ చిన్న మాట వచ్చినప్పుడు తాత ఆగేది ఎక్కువైపోయింది. ముందు ఒక గుక్క ఊపిరంతే ఆగేవాడు. తర్వాత తర్వాత సంగటి మీద ఆవిరి పోయేదాకా ఆగేవాడు. తమ్ముళ్ళు కునికిపాట్లు పడేవాళ్ళు. "కూడు చల్లారిపోతాండాది, ముసలాయనకి నిద్రొచ్చిందేమో" అని జేజి గొణిగేది. నేను ఒకసారి తల ఎత్తి దొంగచూపు చూశాను. తాతకి నిద్ర రాలేదు. తల వంచుకునే, ఎదురుగా నల్లటి అరచేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చిన్నాయన కాళ్ళ వైపు చూస్తున్నాడు. పెద్దవాళ్ళు అట్లాగే ఉంటారు కాబోలనుకుని మళ్ళీ తల వంచేశాను.

బస్సు వేళ అవుతోందని లేస్తుంటే, చిన్నాయన దిండు కింది బైబిలు తీసి నా వైపు చాపాడు. "రోజూ నా కూతురు చదువుతాది. ఈ పొద్దు నువ్వు చదువు పాపా. నాకు కనపడదు." ఆరో తరగతి దాకా చదివిన నేను, లెక్చరరు మనవరాలు పక్కన ఉండగా, ఎం.ఏ. చదివినాయనకి చదివి వినిపించడానికి మళ్ళీ మంచం పక్కన కూర్చున్నాను. కీర్తన తీశాను. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టుకుంటూ పోయాను. ఆ మాట వచ్చింది. కళ్ళద్దాలు తీశాను. చిన్నాయన అప్పటికే తల వంచి ఉన్నాడు. మమ్మల్ని చూసి స్నేహ కూడా వంచింది. బయట మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, లోపల్నుంచి ఉప్మా పోపు వాసన వస్తోంది. ఒక గుక్క ఊపిరి అయిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకు పోవాలి. నా చెయ్యి లేవలేదు. అక్కడ ఎంతసేపు ఆగితే సరిపోతుందో తాత మాకెవరికీ చెప్పలేదు.